పేటెంటు పోయింది, ప్యాకెట్ భారం పోలేదు

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన 2008లోనే మన పత్తి చెలకల్లోకి ఇంకొకటి దిగింది. బీటీ పత్తి జన్యువు మీద మోన్‌శాంటో కంపెనీకి మన దేశంలో మంజూరైన పేటెంటు అది.

పేటెంటు ఆయుష్షు 20 ఏళ్లు. లెక్క మంజూరైన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి. మూడో ఏడు నుంచి ఏటా ఫీజు కట్టకపోతే మధ్యలోనే రద్దవుతుంది. ఈ దరఖాస్తు 1999 నవంబరుది. 2019 నవంబరుతో గడువు తీరింది. ఇక ఆ జన్యువు అందరి సొత్తు.

మరి రైతుకు ఒరిగిందేమిటి? 2020లో కేంద్రం జన్యువు రుసుం తీసేసి ప్యాకెట్ ధర 730 రూపాయలుగా పెట్టింది. 2024కు అది 864 అయింది. పేటెంటు లేకున్నా ప్రతి వానాకాలం దుకాణం ముందు మన వరుస తప్పడం లేదు. ఎందుకంటే అమ్మేది దాదాపు అంతా హైబ్రిడే. దాని గింజ దాచి విత్తితే పంట ఒక్కతీరుగా రాదు. పేటెంటు తాళం 20 ఏళ్లకు ఊడింది. హైబ్రిడ్ తాళానికి గడువే లేదు.

విత్తనం దాచుకునే, విత్తుకునే, పంచుకునే, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కు 2001 చట్టం 39వ సెక్షన్ మనకిచ్చింది. ఈ హక్కు నిలుపుకోవడానికి ఏటా ఫీజు అక్కర్లేదు. కాని దాచుకోదగ్గ విత్తనమే లేకుంటే హక్కును ఏం చేసుకుంటాం?

నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ సూటి బీటీ రకాలు తయారుచేసి చూపింది. మన పక్కనే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. మన నేలలకు తగిన సూటి రకాలు రైతు చేతికి అందించాలి. ప్రభుత్వాన్ని ఊరూరా ఇదే అడుగుదాం!