గృహిణీగోష్ఠి: పట్టమును, విచారణశక్తియు

ఉప్పలు, నాచారము ప్రాంతములలో నలుగురు గృహిణులు కూడినచోట, పిల్లను ఏ కళాశాలకు బంపవలయును, ఎంత సొమ్ము కావలయునను ప్రసంగమే వినబడుచుండును. పట్టము పుచ్చుకొనిన పిమ్మట ఆమె యొక సంగతిని తనంతట విచారించి నిర్ణయింపగలదా యని యడుగువారు అరుదు.

మొన్న నాచారమునుండి వచ్చిన యొక తల్లి యిట్లు మొఱపెట్టుకొనెను: "అమ్మా, మా పిల్ల బి.ఎస్‌సి. మొదటి తరగతిలో నెగ్గినది. అప్పుపత్రములో వడ్డీ సరిగా నున్నదేమో చూడుమనగా, అది మా పాఠములలో లేదనెను. చదివి యేమి లాభమని వారు ఎమ్.ఎస్‌సి. మాన్పింపజూచుచున్నారు." తండ్రిగారి కోపమునకు కారణము లేకపోలేదు, శిక్ష మాత్రము తగదు. ఆ పత్రమును పిల్ల ముందుంచి, అసలెంత, వడ్డీ యెన్ని నెలలకు, తీర్చిన సొమ్ము దేనికి జమకట్టిరి యని వరుసగా నడుగుడనియు, సమాధానము తాము చెప్పవలదనియు ఆమెకు జెప్పితిమి.

ఈ కొఱత ఆ పిల్లయొక్కతెదే కాదు. భారత, చైనా, రష్యా, అమెరికా దేశములలో కంప్యూటరు, విద్యుచ్ఛాస్త్రములు చదువు వేలకొలది విద్యార్థులను పరీక్షించి 2021లో పండితులు ఫలితములు ప్రకటించిరి. 4 సంవత్సరముల చదువులో అమెరికావారికి వలె మనవారికి విమర్శశక్తి పెరుగలేదని తేలినది. అయినను మొదటి 2 సంవత్సరములలో మనవారి శాస్త్రజ్ఞానము పెరిగినదట! కావున బుద్ధి మందమని యనరాదు. దానికి బెట్టిన పని యట్టిది.

మన చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసినపుడు, ఆంగ్లమున వల్లించుటకంటె దేశభాషలో నాలోచించుట మేలని ఉర్దూను బోధనభాషగా జేసిరి. తలంపు మంచిదే. కాని తెలుగింటి పిల్లకు ఉర్దూ మాత్రము తల్లిభాషయా? తరువాత మరల ఆంగ్లమే వచ్చినది.

ద్రౌపది యే విశ్వవిద్యాలయమున జదివెను? తన్నుదా నోడినవానికి నన్నొడ్డు నధికార మెక్కడిదని ఆమె యడుగగా భీష్మునంతవాడు తేల్చి చెప్పలేకపోయెను. అంతమాత్రమున కళాశాల వలదనువారితో మేమేకీభవింపము. ప్రశ్నించుట యింట నేర్వవచ్చును గాని, ఉప్పలు దారిలోని భూభౌతిక పరిశోధనాలయమువారివలె భూగర్భజలముల జాడ దీయుట వంటయింట నేర్వలేము గదా!

పిల్లను చేర్చుటకు ముందు ఆ కళాశాలలో చదువుచున్న బాలికల నడుగుడు: తమ మాటలతో వ్రాయు పుటలెన్ని? గురువులు వానిని చదివి ఆక్షేపణలు తెలిపి తిరిగి యిత్తురా? ప్రయోగశాలలో ఫలితములను నిరుటివారి పుస్తకము జూచి వ్రాసికొనుచున్నచో, రుసుము చెల్లించుటకు బూర్వమే మఱియొక కళాశాలను వెదకుడు.