అమ్మకి ఎన్ని పుట్టినరోజులు?

ఈసారి మీకో చిన్న పని చెప్తాను. ఇంట్లో 75 దాటిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ ఆధార్ కార్డు తీసి చూడండి. పుట్టిన తేదీ జూలై ఒకటి అని ఉందా? రాయగడలో మా వీధిలోనే నలుగురికి అలా ఉంది. వాళ్ళందరూ ఒకే రోజున పుట్టలేదండీ, ఒకే రోజుల్లో బడిలో చేరారు. వెంట వచ్చిన తాతగారు "నాగుల చవితి మర్నాడు పుట్టిందండీ" అంటే, పాపం మేష్టారు ఇంగ్లీషు తారీకు ఎక్కడని వెతుకుతారు? చేర్చుకోవడానికి వయసు సరిపోయేలా ఓ జూలై ఒకటి రాసి, సంతకం పెట్టించుకున్నారు.

మా అమ్మ కూడా ఆ జూలై బాపతే. పుట్టింది పార్వతీపురంలో, తారణ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ పంచమినాడు. కాగితాల్లో మాత్రం 1 జూలై 1944. అంటే పుట్టడానికి మూడు నెలలపైనే ముందుగా మేష్టారి చేతిలో ఒకసారి పుట్టిందన్నమాట.

పెళ్ళయి బిస్సమ్ కటక్ కాపరానికి వచ్చింది. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ రైలెక్కి వచ్చి మా తాతగారు అక్కడ బట్టల కొట్టు పెట్టుకున్నారు. అప్పటికి అదంతా మద్రాసు రాజధానిలోదే, విశాఖపట్నం జిల్లా కిందే లెక్క. 1936 ఏప్రిల్ ఒకటిన ఒడిశా వేరు రాష్ట్రమయింది. మావాళ్ళు ఇల్లు కదలలేదు, రాష్ట్రమే మారింది. మళ్ళీ 1992లో కోరాపుట్‌ని విడగొట్టి రాయగడ జిల్లా చేశారు. అమ్మ చిరునామాలో జిల్లా పేరు మారింది గానీ ఆ అరుగూ, ఆ గుమ్మమూ అవే. మేం పిల్లలం బడిలో ఒడియా చదువుకుని, సాయంత్రం అమ్మ దగ్గర పెద్దబాలశిక్షతో తెలుగు దిద్దుకున్నవాళ్ళం. పుట్టినరోజంటే మాకు తలంటు, కొత్త బట్టలు, మార్కమా తల్లి గుడి, పాయసం. కేకు మొహం ఎరగం. అమ్మ పుట్టినరోజు ఎవరూ చేసినట్టు నాకు గుర్తు లేదు. ఆ రోజు కూడా పాయసం ఆవిడే వండేది, అడిగితే "పంచమి కదా" అనేది.

2024లో బెంగుళూరు నుంచి పెద్దన్నయ్య ఫోను. "జూలై ఒకటికి అమ్మకి 80. అందరం ఇక్కడ కలుద్దాం. అమ్మని నువ్వు తీసుకురా." చిన్నన్నయ్య మస్కట్ నుంచి వస్తున్నాడట. జూలై ఒకటి సోమవారం పడింది, ఆఫీసులుంటాయని విందు ఆదివారం రాత్రికి పెట్టారు. అలా తిథికీ కాకుండా, ఆధార్‌కీ కాకుండా, ఓ జూన్ 30న మా అమ్మకి ముచ్చటగా మూడో పుట్టినరోజు వచ్చింది. విజయనగరంలో బండి మారి వెళ్ళాం. అమ్మ సంచీలో కాలాజీరా బియ్యం, అరటికాయ చిప్స్, పసుపు కొమ్ములు. రథయాత్ర ఏడో తారీకు, అప్పటికి ఇంట్లో ఉండాలని బయల్దేరే ముందే ఒట్టు వేయించుకుంది.

విందు స్పానిష్ హోటల్లో. అది మా మేనకోడలి ఎంపిక. ఆ పిల్ల రెండేళ్ళు బార్సెలోనాలో చదివొచ్చింది. "నాన్నమ్మకి స్పెయిన్ వంట ఏమిటే!" అని వదిన గునిసింది. "వాళ్ళూ అన్నం తినేవాళ్ళేనమ్మా" అంది పిల్ల. నిజమే. వరిని అరబ్బులు స్పెయిన్‌కి తీసుకెళ్ళారు. వలెన్సియా చుట్టుపక్కల పల్లపు పొలాల్లో ఇప్పటికీ వరే పండిస్తారు.

స్పెయిన్‌లో రాత్రి తొమ్మిది దాటితే గానీ భోజనానికి కూర్చోరు. అమ్మ ఏడున్నరకల్లా తినేసే మనిషి, అందుకని తలుపులు తీసిన వెంటనే మేమే మొదట కూర్చున్నాం. ముందు 'తపాస్' తెచ్చారు. తపా అంటే మూత. చిన్న చిన్న పళ్ళేల్లో తలో రకం. రొట్టె ముక్కకి టొమాటో రాసి ఆలివు నూనె చుక్కలు వేసింది ఒకటి. 'బ్రావాస్' అనే బంగాళాదుంప వేపుడు ఒకటి. బ్రావాస్ అంటే ఉగ్రమైనవని అర్థమట. అమ్మకి ఆ ఉగ్రం ఎక్కడా తగల్లేదు. కాల్చి ఒలిచిన వంకాయ, మిరప్పళ్ళు నూనెలో నానబెట్టి తెచ్చారు. అమ్మ రెండుసార్లు వడ్డించుకుని, "బాగా కాల్చారు. పోపు మరిచిపోయారు పాపం" అంది. టొమాటో, మిరప, బంగాళాదుంప మూడూ అమెరికా ఖండం నుంచి మొదట స్పెయిన్‌కి చేరినవేనని, 1492లో కొలంబస్ వెళ్ళకముందు మన పార్వతీపురంలో కూడా కారమంటే మిరియాలేనని మేనకోడలు చెప్పింది. అమ్మ నమ్మలేదు. మిరపకాయ లేని ఆవకాయని ఊహించుకోవడం ఈ వయసులో కష్టం కదండీ.

శాకాహారులకి ఓ మాట. అన్నం వంటకాన్ని 'పాఎయ్యా' అంటారు, అసలా పేరు వెడల్పాటి పెనానిదే. జాబితాలో 'కూరగాయల పాఎయ్యా' అని ఉంది. మేనకోడలు ఎందుకైనా మంచిదని ఏ నీళ్ళలో ఉడికిస్తారని అడిగింది. చేపలు ఉడికించిన నీళ్ళట! వేరే చెయ్యమంటే చేస్తామన్నారు, కాకపోతే 40 నిమిషాలు ఆగాలన్నారు. ఆగాం. పేరు చూసి నమ్మకండి, నీళ్ళ సంగతి అడగండి.

ఆ పెనం వచ్చాక అమ్మ ముఖం వికసించింది. పులిహోర రంగులో అన్నం, వేలెడంత మందం కూడా లేకుండా పరిచి ఉంది. రంగు పసుపుది కాదు, కుంకుమపువ్వుది. నీళ్ళు పోశాక దాన్ని కలపకూడదట, గరిటె పెట్టకూడదట. అడుగున పలచగా అంటుకునే మాడుకి వాళ్ళ భాషలో 'సొకర్రాత్' అని పేరు, అసలు రుచి అదేనంటారు. మా చిన్నతనంలో ఇత్తడి గిన్నె అడుగు మాడు కోసం ముగ్గురం కొట్టుకునేవాళ్ళం. అమ్మ పక్కనున్న నిమ్మచెక్క అన్నం మీద పిండి, "ఇప్పుడు పులిహోర అయింది" అని, చెంచా బోర్లించి ఆ మాడు గోకడం మొదలుపెట్టింది. వడ్డించే కుర్రాడు మేనేజరుని పిలుచుకొచ్చి మరీ చూపించాడు. ఇక్కడికి వచ్చేవాళ్ళు చాలామంది దాన్ని మాడిపోయిందని తిప్పి పంపేస్తారట.

స్పెయిన్ వాళ్ళు పుట్టినరోజుని 'కుంప్లేఆన్యోస్' అంటారు, ఏళ్ళు నిండడం అని అర్థం. మనమూ "ఎనభై నిండాయి" అనే కదా అంటాం. ఆ రోజున ఎన్నేళ్ళయితే అన్నిసార్లు చెవి లాగే ఆచారం కూడా ఉందట. అమ్మ చెవి ఎనభైసార్లు లాగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆవిడే మనవలందరినీ వరసగా పిలిచి, వాళ్ళ వాళ్ళ వయసు లెక్కన చెవులు లాగింది. పాతికేళ్ళ పిల్ల కూడా వంగి చెవి అప్పగించింది.

ఇంతా చెప్పి అసలు సంగతి చెప్పలేదు. ఆ విందు ఉత్త విందు కాదు. అమ్మ ఆ జనవరిలో బాత్రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నాన్నగారు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్కర్తే. ముందు వాటాలో నర్సింగు చదివే ఇద్దరు అమ్మాయిలు అద్దెకున్నారు, ఆ రాత్రి చూసుకున్నది వాళ్ళే. నేను రాయగడలో ఉన్నాను గానీ గంటపైన ప్రయాణం. అన్నయ్యలిద్దరూ ఫోన్లలో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చారు: ఇల్లు అమ్మేసి అమ్మని బెంగుళూరులో ఉంచుకోవాలని. నాకు ముందే తెలుసు. రాత్రి పదకొండుకి ఫోను మోగితే గుండె ఆగినంత పనయ్యే మనిషిని నేనే కాబట్టి, అన్నయ్యని తప్పు పట్టలేను. ఆ ఇంటి తాళం ఇంకొకరి చేతిలో ఊహించుకోనూ లేను. చక్కెర అద్దిన చుర్రోలు, చిక్కటి చాక్లెట్టు వచ్చాక పెద్దన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఇక మాతో ఉండిపో. కింది గది నీకే. లిఫ్టుంది. పక్కవాళ్ళు తెలుగువాళ్ళు. ఎనభై ఏళ్ళు నిండాయి, ఒక్కదానివీ అక్కడెందుకు?"

అమ్మ చుర్రో చివర చాక్లెట్టు తుడుచుకుంటూ అంది: "నిండలేదు కదరా. కార్తీకంలో నిండుతాయి. పంచమికి ఇంటికి రండి. అప్పుడడుగు."

అంతే! ఎవరికీ మాట రాలేదు. పంచాంగం ఆవిడ పక్షాన ఉంది మరి. వెయ్యి పున్నములు చూసిన పండుగ కూడా 80 దాటి కొన్ని నెలలు గడిస్తే గానీ రాదని, ఆ లెక్క కూడా చెప్పింది. చిన్నన్నయ్య బిల్లు చూసి జేబులో పెట్టేసుకున్నాడు. ఎంతయిందని అమ్మ అడిగింది, ఎవరూ చెప్పలేదు.

తిరుగు రైల్లో నేనడిగాను, వాడన్నదాంట్లో తప్పేముందని. "తప్పని ఎవరన్నారు? వారం ఉన్నాను. పక్కింటివాళ్ళు తెలుగువాళ్ళేనట. పేరడుగుదామంటే తలుపు తెరిచి కనపడలేదు" అంది. బిస్సమ్ కటక్‌లో అమ్మకి వీధిలో తెలుగు, వెనక ఇంటివాళ్ళతో ఒడియా. బుధవారం చాటికోన సంతలో నియమగిరి దిగివచ్చే డొంగ్రియా ఆడవాళ్ళతో పసుపుకీ అనాసకీ బేరమాడేందుకు సరిపడా కువి వచ్చు. ఆసుపత్రి మాట కూడా నేనే ఎత్తాను. "1954లో ఆ డెన్మార్కు డాక్టరమ్మ లిస్ మాడ్సెన్ పెట్టిన ఆసుపత్రి ఇంటికి ఎంత దూరమే? మీ బెంగుళూరు ట్రాఫిక్‌లో అంతలో వీధి మలుపు కూడా దాటలేం" అని నా నోరు మూయించింది.

కార్తీకం వచ్చింది. 2024 నవంబరు 5న నాగుల చవితి, పుట్టలో పాలు పోశాం. ఆరున పంచమి, అమ్మకి నిజంగా 80 నిండాయి. మస్కట్ అన్నయ్యకి సెలవు దొరక్క ఫోన్లో కనిపించాడు. పెద్దన్నయ్య, వదిన, మేనకోడలు వచ్చారు. అమ్మకి నేను తలంటాను. ఒకే ఆకులో పులిహోర, గుమ్మడికాయ దప్పళం, వెనక ఇంటివాళ్ళు పంపిన దాల్మా. మేనకోడలు పెరట్లో కట్టెల పొయ్యి మీద బూరెల మూకుట్లో పాఎయ్యా మొదలెట్టింది. మొదటిసారి కాలాజీరా బియ్యంతో చేసింది. 2024లోనే భౌగోళిక గుర్తింపు వచ్చిన మా కోరాపుట్ బియ్యమని మోజు. వాసన అమోఘం, గుణం మాత్రం సన్నబియ్యానిది. నీళ్ళు ఎక్కువై ముద్దయింది. రెండోసారి అమ్మ సంతలో కొన్న పొట్టి లావు బియ్యం తీసిచ్చింది. అది నీళ్ళన్నీ తాగి కూడా గింజ విడకుండా నిలిచింది, అడుగున మాడూ వచ్చింది. చేసి చూసేవాళ్ళు బియ్యం దగ్గర జాగ్రత్త పడండి, కడగకండి, కలపకండి. నర్సింగు పిల్లలిద్దరూ ఆ మాడు కోసం కొట్టుకున్నారు.

భోజనాలయ్యాక అమ్మ అరుగు మీద కూర్చుని, "ఏరా, ఇప్పుడడుగు" అంది. పెద్దన్నయ్య కాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం బజారుకి వెళ్ళి ఉక్కు కమ్మీ, మేస్త్రీని వెంటపెట్టుకొచ్చాడు. బాత్రూం గోడకి రెండు కమ్మీలు, మెట్ల దగ్గర ఒకటి బిగించారు. అమ్మ ఒక్కొక్కటీ పట్టుకు లాగి చూసి, మెట్ల దగ్గరది కాస్త కిందికి దించమంది.