ఏడ్చిన పాఠకురాలి మాటకు విలువ లేదా?

నవల చదివి ఏడ్చానని చెప్పుకోవడానికి మన ఆడవాళ్లు ఇప్పటికీ మొహమాటపడతారు. మార్కాపురంలోనో గిద్దలూరులోనో అరవై దాటిన ఏ అక్కను కదిలించినా యద్దనపూడి, కోడూరి, మాదిరెడ్డి లాంటి నవలా రచయిత్రుల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఏ సీరియల్ ఏ పత్రికలో వచ్చిందో, ఏ ఘట్టం దగ్గర "సశేషం" వేసి వారమంతా నిద్ర లేకుండా చేశారో కూడా చెబుతుంది. అంతా చెప్పాక "అప్పుడేదో పిచ్చిలే నాయనా" అని ఒక మాట కలుపుతుంది. ఆ మాట ఆమెకు పుట్టింది కాదు. యాభై ఏళ్లుగా పండితులు, విమర్శకులు, ఇంట్లో మగవాళ్లు కలిసి ఆమె చేత అనిపించారు. ఈ వారం నా ఫిర్యాదు దాని గురించే.

మా పడమటి ప్రకాశంలో ఏడవడం ఎన్నడూ సిగ్గుపడాల్సిన విషయం కాదు. తిరునాళ్లకు హరిశ్చంద్ర నాటకం ఆడిస్తారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ఆ నాటకంలో కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది. అప్పటిదాకా చాపల మీద కునికిపాట్లు పడుతున్నవాళ్లు లేచి కూర్చుంటారు. చంద్రమతి కొడుకు శవంతో వచ్చి నిలబడితే, కండువా కొసతో కళ్లు తుడుచుకునే పెద్ద రైతులను మనమంతా చూశాం. వన్స్‌మోర్ కొట్టి పద్యం మళ్లీ పాడించుకుని మళ్లీ ఏడుస్తారు. వాళ్లను రసికులన్నాం, కళాపోషకులన్నాం. అదే ఇంటి ఆడపిల్ల వంటింటి గడప మీద కూర్చుని వారపత్రిక చదివి కళ్లొత్తుకుంటే "పనీపాటా లేక" అన్నాం. ఏడుపు ఒక్కటే అయినా ఏడ్చింది ఎవరన్నదాన్ని బట్టి మర్యాద మారింది.

అసలు ఆ పత్రిక చదవగలిగినవాళ్లే తక్కువ. 1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం వచ్చిన ఆడవాళ్లు నూటికి పదహారు మందే. ఎక్కడెక్కడి బడిపిల్లలకో పలకలు చేసి పంపిన మార్కాపురం ప్రాంతంలోనూ చాలామంది ఆడపిల్లల చేతికి పలక అందలేదు. అందుకే అప్పట్లో వారపత్రిక ఒక్కరు చదువుకునే వస్తువుగా ఉండలేదు. చదువొచ్చిన ఒకామె పైకి చదివితే చుట్టూ కూర్చున్నవాళ్లు వినేవాళ్లు. మా చిన్నమ్మ అలాంటి చదువరి. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక అరుగు మీద చేరేవాళ్లు. చేటలో కందిపప్పు ఏరుతూ ఒకరు, పిల్లకు పేలు చూస్తూ ఒకరు, ఆకూవక్క నములుతూ మా అవ్వ. చిన్నమ్మ గొంతు బొంగురుపోయి ఆగిపోతే ఎవరూ తొందరపెట్టేవాళ్లు కాదు. కాసేపటికి అవ్వే "సదువు మే, ఏమైతే అదైంది" అనేది.

సీరియల్ పూర్తయ్యాక ఆ పేజీలను పారేసేవాళ్లు కాదు. వారం వారం చించి దాచినవి వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేయించుకునేవాళ్లు. ఒక పేజీలో కథ, దాని వెనక వంటల శీర్షికో వారఫలాలో ఉండేవి. ఆ బైండు పుస్తకాలు ఇల్లిల్లూ తిరిగేవి. సీరియల్ దొరకనివాళ్లకు అద్దె పుస్తకాల షాపులు ఉండేవి. నవలకు రోజుకింత అని అద్దె కట్టి, గడువు లోపల నలుగురూ చదివి తిరిగిచ్చేవాళ్లు. చివరి పేజీల్లో ఖాళీ జాగా కనిపిస్తే పాఠకులు తమ అభిప్రాయం రాసేవాళ్లు. "ఇంత అన్యాయమా" అని ఒకరు రాస్తే కింద ఇంకొకరు జవాబు రాసేవాళ్లు. తెలుగు నవల మీద అచ్చులోకి రాని విమర్శ అంతా ఆ చివరి పేజీల్లో ఉంది.

మా అరుగు మీద ఎక్కువ వాదన పుట్టించింది కోడూరి కౌసల్యాదేవి "ప్రేమనగర్". కల్యాణ్ జమీందారు బిడ్డ, తాగుబోతు. లత అతని దగ్గర సెక్రటరీగా చేరుతుంది. ఆమె వల్ల అతను మారతాడు. ఇంటివాళ్లు ఆమె మీద నింద మోపుతారు, ఆమె ఆత్మాభిమానం చంపుకోలేక వెళ్లిపోతుంది. నవలలో చివరికి కల్యాణ్ చనిపోతాడు. 1971 సెప్టెంబర్ 24న విడుదలైన సినిమాలో మాత్రం నిర్మాత రామానాయుడు, దర్శకుడు కె.ఎస్.ప్రకాశరావు అతన్ని బతికించారు. కల్యాణ్‌గా విషం తాగిన అక్కినేని ప్రాణంతో బయటపడి, లతగా నటించిన వాణిశ్రీ చెయ్యి అందుకున్నాడు. సినిమా అఖండంగా ఆడింది, రామానాయుడు సంస్థను నిలబెట్టింది. దాంతో పుస్తకం చదివినవాళ్లు, సినిమా చూసినవాళ్లు రెండు పక్షాలయ్యారు. చావు తప్పదని ఒక పక్షం, ఇంత ఏడిపించాక కలపకపోతే పాపమని ఇంకో పక్షం.

మా అవ్వ ఏ పక్షమూ కాదు. "సచ్చినోడు పుణ్యాత్ముడైపోయినాడు. ఆ పిల్ల బతుకేంది?" అంది. అక్షరం రాని మనిషి అన్న ఆ మాట నాకు ఇప్పటికీ మన విషాద ప్రేమకథలన్నిటి మీదా వేసిన ప్రశ్నలా వినిపిస్తుంది. దేవదాసునే తీసుకోండి. మదనపల్లె క్షయ ఆసుపత్రిలో ఉండగా బెంగాలీ నేర్చుకున్న రచయిత చక్రపాణి, దేవదాసును సృష్టించిన శరత్‌బాబు నవలలను తెలుగువాళ్ల ఇంటింటికీ తెచ్చిపెట్టారు. 1953లో సినిమా వచ్చాక దేవదాసు ప్రతి తెలుగువాడికీ చుట్టమైపోయాడు. తాగి తాగి పార్వతి ఇంటి ముందు ప్రాణం విడిచినవాడి కోసం లోకమంతా ఏడ్చింది. తలుపు అవతల మిగిలిపోయిన పార్వతి తర్వాతి ముప్పై ఏళ్లు ఎలా గడిపిందని ఎంతమంది అడిగారు? అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు అడిగారు. కళ్లు తుడుచుకుంటూనే అడిగారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఏడవడమంటే కథను ఒప్పుకోవడం కాదు. పాత్ర మీద జాలిపడుతూనే పాత్ర చేసిన పనిని తప్పు పట్టవచ్చు. పాఠకురాళ్లు చేసింది అదే. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" అరవైల్లో "జ్యోతి" మాసపత్రికలో వస్తున్నప్పుడు హీరో రాజశేఖరం లాంటి మొగుడు కావాలని ఆడపిల్లలంతా కలలు కన్నారని ఇప్పటికీ వెక్కిరిస్తుంటారు. కలలు కన్నది నిజమే. ఉద్యోగం చేసుకుంటూ ఎవరికీ తలవంచని కథానాయిక జయంతిని చూసి తామూ చదువుకోవాలని, సంపాదించాలని పట్టుబట్టిన ఆడపిల్లల సంగతి మాత్రం వెక్కిరించేవాళ్లు చెప్పరు. 2018 మేలో సులోచనారాణి అమెరికాలో కన్నుమూసినప్పుడు ఆమెను తలచుకున్న పాఠకురాళ్లలో చాలామంది హీరో కారు గురించి మాట్లాడలేదు, తమకు చదివే అలవాటు చేసిన రచయిత్రి గురించి మాట్లాడారు.

అదే కాలంలో ఇంకో రకం నవలా వచ్చింది. రంగనాయకమ్మ "బలిపీఠం"లో అరుణ చిన్నప్పుడే భర్త పోయిన బ్రాహ్మణ యువతి, జబ్బు మనిషి. ముత్తయిదువగా చనిపోవాలన్నది ఆమె చివరి కోరిక. భాస్కర్ అనే దళిత యువకుడు ఆ కోరిక తీర్చడానికి ఆమెను పెళ్లి చేసుకుంటాడు. మామూలు కన్నీటి కథ అక్కడ ఆమెను చంపి ముగిసేది. రంగనాయకమ్మ అరుణను బతికించారు. బతికాక కులాహంకారం బయటికొచ్చి ఆ కాపురాన్ని ఏం చేసిందో రాశారు. ఆ నవలను ఆదరించింది కూడా సీరియల్స్ చదివి ఏడ్చిన ఈ పాఠకులే. 1975లో దాసరి నారాయణరావు దాన్ని సినిమాగా తీశారు. పాఠకురాలికి కల తప్ప ఇంకేమీ అక్కర్లేదని అనుకుంటే ఈ ఆదరణకు కారణం దొరకదు.

ఎనభైల్లో మగపిల్లల వంతు వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ "వెన్నెల్లో ఆడపిల్ల"ను హాస్టల్ గదుల్లో వంతులేసుకుని చదివారు. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది, చిక్కుముడులిచ్చి తనను కనుక్కోమంటుంది. కనుక్కునేసరికి ఆమె లేదు. ఆ చివరి పేజీల దగ్గర దుప్పటి ముసుగేసుకున్న కుర్రాళ్లు ఇప్పుడు తాతలవుతున్నారు. 1995లో సునీల్‌కుమార్ దేశాయి దాన్ని "బెళదింగళ బాలె" పేరుతో కన్నడంలో తీస్తే అక్కడా జనం కదిలిపోయారు. ఆ కుర్రాళ్లను ఎవరూ పిచ్చివాళ్లనలేదు. వాళ్ల ఏడుపుకు "తొలియవ్వనపు జ్ఞాపకం" అన్న గౌరవం దక్కింది. వాళ్లకంటే ఇరవై ఏళ్ల ముందు ఏడ్చిన అక్కలకు, అమ్మలకు అది దక్కలేదు.

ఈ నవలల మీద ఉన్న అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. తాగుబోతును ప్రేమతో మార్చవచ్చన్న నమ్మకం ఎన్నో కాపురాలను కూల్చింది. నీళ్ల కోసం, కూలి కోసం, వలస వెళ్లిన మనిషి కబురు కోసం ఎదురుచూపులతోనే సగం జీవితం గడిచే మా ప్రాంతంలో, సారా ఇంకో సగాన్ని తినేసింది. అయితే ఆ నమ్మకాన్ని నవల పుట్టించలేదు. పెళ్లప్పుడు "నువ్వొచ్చి మార్చుకోవాలి తల్లీ" అని కోడలికి అప్పగించిన పెద్దవాళ్లు పుట్టించారు. నవల చదివినామె కల్యాణ్ కోసం ఏడ్చింది కానీ ఇంట్లో తాగి వచ్చినవాణ్ణి కల్యాణ్ అనుకోలేదు. ఆ తేడా ఆమెకు బాగా తెలుసు.

తెలుసనడానికి మన పక్క జిల్లాలోనే సాక్ష్యం ఉంది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో తాగుబోతు భర్త ఉన్న ఒక ఇల్లాలి కథ చదివారు. చదివి, ఇది మా కథేనన్నారు. కన్నీళ్లు తుడుచుకుని సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వానికి సారాను నిషేధించక తప్పలేదు. కథలో మనిషి కోసం ఏడవగలిగినవాళ్లే తమ కోసం లేచి నిలబడగలిగారు. గుండె కరిగితే బుద్ధి మందగిస్తుందని చెప్పే పండితులు దూబగుంట పాఠం ఒకసారి చదవాలి.

పాఠకుల ఏడుపును పట్టించుకున్న దేశాలు లేకపోలేదు. ఇంగ్లండులో శామ్యూల్ రిచర్డ్‌సన్ "క్లారిస్సా" నవల 1747, 48 సంవత్సరాల్లో భాగాలుగా వెలువడుతుంటే, ఆ అమ్మాయిని చంపొద్దని పాఠకులు ఉత్తరాలు రాశారు. లేడీ బ్రాడ్‌షే అనే ఆమె వాదించింది, బతిమాలింది. రచయిత వినలేదు, కానీ జవాబులు రాశాడు. ఆ ఉత్తరాలను దాచారు, తర్వాత అచ్చువేశారు. ఇవాళ ఆ నవల గురించి పరిశోధన చేసేవాళ్లు ఆ ఉత్తరాలను పక్కన పెట్టుకుని చదువుతారు. మన వారపత్రికలకు బస్తాల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి. ప్రతి వారం ఒక పేజీ అచ్చయింది, మిగిలినవి తూకానికి వెళ్లాయి. పత్రికల్లో చాలావరకు ఇప్పుడు లేవు. ఆ కథలు విని ఏడ్చి, వాదించి, తీర్పు చెప్పిన మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. తెలుగు నవలా చరిత్రలు రచయితల జాబితాలతో నిండి ఉన్నాయి. వాటిలో పాఠకురాలి కోసం ఒక అధ్యాయం కేటాయించినవి అరుదు.

ఆ అధ్యాయం రాయడానికి ఇంకా కొంత సమయం ఉంది. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మార్కాపురం, గిద్దలూరు, కంభం శాఖా గ్రంథాలయాలు మన డబ్బుతో నడుస్తున్నవే. పోటీ పరీక్షల పుస్తకాలకు అక్కడ చోటివ్వడం అవసరమే, నిరుద్యోగ యువతకు అది ఆసరా. ఆ పక్కనే ఒక్క బీరువా పాత సీరియల్ బైండ్లకు, అద్దె షాపుల నవలలకు కేటాయించమని జిల్లా గ్రంథాలయ సంస్థను అడుగుతున్నాను. చివరి పేజీలో ఎవరైనా రాసి ఉంటే ఆ పేజీని చింపకుండా, అట్ట మార్చకుండా ఉంచాలి.

డిగ్రీ కాలేజీల తెలుగు అధ్యాపకులకు ఇంకో మనవి. ప్రాజెక్టు పని పేరుతో పిల్లలు ఒకే పుస్తకంలోంచి ఎత్తిరాసిన వ్యాసాలు మీకూ విసుగు పుట్టిస్తుంటాయి. ఒక్క ఏడాది వాళ్లను ఇంటికి పంపండి. అవ్వలను, నాయనమ్మలను, వీధి చివరి టీచరమ్మను అడిగి రాసుకు రమ్మనండి. ఏ నవలకు ఏడ్చారు, ఎక్కడ కోపం వచ్చింది, ముగింపు మీరే రాస్తే ఏం చేసేవాళ్లు అన్న మూడు ప్రశ్నలు చాలు. ఫోనులో గొంతు రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఈ తరం ఆడపిల్లలు సీరియళ్లు చదివి భాగం భాగానికీ అభిప్రాయం రాస్తున్నారు. వాళ్ల మాట అక్కడ నమోదవుతోంది. వాళ్ల అవ్వల మాట చాలావరకు నమోదు కాలేదు.

ఇక ఇది చదువుతున్న అక్కలకు, అమ్మలకు ఒక్క మాట. అటక మీద బైండు పుస్తకాలుంటే పాత పేపర్లవాడికి వేయకండి. ఏ నవల మిమ్మల్ని ఎందుకు ఏడిపించిందో ఒక్క పేజీ రాసి ఆ పుస్తకంలో పెట్టి గ్రంథాలయానికి ఇవ్వండి. రాయడం రాకపోతే మనవరాలి చేత రాయించండి. ఈసారి చివర్లో "అప్పుడేదో పిచ్చిలే" అని మాత్రం రాయకండి. మీరు చదివారు, ఏడ్చారు, తీర్పు చెప్పారు. తెలుగు నవలను ముప్పై ఏళ్లు పోషించింది మీరే.