ఏనుగులెక్కిన పడవ

మొన్న చిట్యాలలో అక్క వాళ్లింటికి వెళ్తే, ఏడో తరగతి చదివే మేనల్లుడు ఓ పాత క్యాలెండరు కాగితం పట్టుకొచ్చాడు. పడవల్లో ఏనుగులు, గుర్రాలు, బల్లేలు పట్టిన సైనికులు. ‘‘మామా, ఏనుగెక్కితే పడవ మునగదా? వీళ్లు ఎవల మీదికి పోతున్నరు?’’ చెరువు తప్ప సముద్రం చూడని పిల్లాడు. ప్రశ్నలు మాత్రం ఆషామాషీవి కావు!

అది అజంతా పదిహేడో గుహలోని చిత్రం. 5వ శతాబ్దం నాటిది. విజయుడనే రాజకుమారుడు సింహళం మీద దిగిన ఘట్టమని మొదట్లో పండితులు భావించారు. 1912లో రాధాకుముద్ ముఖర్జీ భారతీయ నౌకాయాన చరిత్ర రాస్తూ దీన్నీ అందులో చేర్చారు. కానీ ఓ చిక్కుంది. ‘మహావంశం’ ప్రకారం విజయుడు ఏడు వందల మంది అనుచరులతో దేశం వదిలి వచ్చినవాడు. మరి ఏనుగుల దండు ఎక్కడిది?

జవాబు ఆ పక్కనే, అదే గోడ మీద ఉంది. ఓడ పగిలి వర్తకులు ఓ దీవికి కొట్టుకొస్తారు. అందగత్తెలు ఆదరిస్తారు. వాళ్లే మరోచోట కోరలతో కనిపిస్తారు! సింహళుడనే వర్తకుడు తెల్ల గుర్రమెక్కి ఆకాశమార్గాన తప్పించుకుంటాడు. ఓ రాక్షసి వెంటపడి వచ్చి, అక్కడి రాజును మాయచేసి పెళ్లాడుతుంది. రాజు బలైపోయాక ప్రజలు సింహళుడికి పట్టం కడతారు. అప్పుడతను పడవల మీద సైన్యంతో దీవిపైకి వెళ్తాడు. ఇది ‘దివ్యావదానం’లోని బౌద్ధ కథ. అంటే మనవాడి క్యాలెండరులో ఉన్నది కథలో చివరి ముక్క!

ఇక పడవ ఎందుకు మునగలేదంటారా? చిత్రకారుడికి కావలసింది బరువు లెక్క కాదు, సైన్యం ఆర్భాటం. అందుకే పడవను కుదించి, ఏనుగులను నిలువెత్తున నిలబెట్టాడు.

ఇదంతా వింటున్న మేనల్లుడి తాత అందుకున్నారు. చిన్నప్పుడు ఆయన చేర్యాల నకాషీ పటాలతో కథ చెప్పేవాళ్లను చూశారట. ‘‘పటం ఇప్పినంక కథ చెప్పేటోడు పక్కన ఉండాలె. ఒక్క బొమ్మ చూస్తే ఏం తెలుస్తది?’’ అన్నారు. పెద్ద పుస్తకాలు తిప్పి నేను తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.

మేనల్లుడు మాత్రం వదల్లేదు. ‘‘ఆ దీవిల ఉన్నోళ్లు నిజంగ రాక్షసులేనా?’’ కథ చెప్పినవాడు పడవల్లో వెళ్లినవారి పక్షం. ఒడ్డున నిలబడినవాళ్ల కథ ఆ గోడ మీద లేదు. యుద్ధం బొమ్మ ఏది చూసినా ఈ ప్రశ్న వేసుకోవడం మంచిదే.

అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలోనిదే. పురావస్తు శాఖ అధిపతి గులాం యాజ్దానీ హయాంలో, 1920ల్లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించి ఆ బొమ్మలు రాలిపోకుండా కాపాడారు. సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ వంటి చిత్రకారులు గీసిన అజంతా నకళ్లు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. సెలవుల్లో పిల్లలతో వెళ్లండి. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, ‘దీనికి ముందు ఏం జరిగి ఉంటుంది?’ అని వాళ్లనే అడగండి. మా వాడు ఇప్పటికే ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. క్యాలెండరు కాగితం కూడా తెస్తాడట!