ముప్పదియారవ గది

పాతకాలపు కుంగ్‌ఫూ చిత్రాలను గురించి సాహిత్యపు పుటలో వ్రాయబూనడం పెద్దలు కొందరికి విడ్డూరంగా తోచవచ్చును. అవి చవకబారు వినోదమని పెదవి విరవడం మనకు పరిపాటి. పులివెందులలో చదువుకొని, జమ్మలమడుగులోను ప్రొద్దుటూరులోను తెలుగు పాఠాలు చెప్పుకొంటూ యాభై యేండ్లు దాటినవాణ్ణి నేను. అధ్యాపకుడు మరువరాని పాఠమొకటి ఆ చిత్రాలే నాకు నేర్పాయని చెప్పడానికి సంకోచించను.

1980వ దశకంలో పులివెందులలో, అద్దెకు తెచ్చిన వీడియో పెట్టె ముందర చాపలు పరచుకొని వాటిని చూచేవాళ్లం. పెదవుల కదలిక ఒక దారి, మాట ఒక దారి. ఆ మాట కూడ ఇంగ్లీషు గనుక మాకు అర్థమైనది అంతంతమాత్రమే. దెబ్బ తగలకముందే చప్పుడు వినిపించేది. నిన్నటి చిత్రంలోని పూటకూళ్ల ఇల్లే నేటి చిత్రంలో మరొక పేరుతో ప్రత్యక్షమయ్యేది. హాంకాంగులోని షా సోదరుల స్టూడియోలో ఒకే కట్టడాలు, ఒకే దుస్తులు అనేక చిత్రాలకు అక్కరకు వచ్చేవని తరువాత తెలిసింది. అయినా మేము రెప్ప వేయక చూశాం. ఎందువల్ల?

పొదుపుగా తీసిన చిత్రాలు మనకు కొత్త కావు. విఠలాచార్య జానపదాలు చూచి పెరిగిన జాతి మనది. జమ్మలమడుగు చెంతనున్న కోట పేరును తలపిస్తూ 1969లో వచ్చిన ‘గండికోట రహస్యం’ ఆయన దర్శకత్వంలోనిదే. కాని ఒక భేదం ఉన్నది. ధనం లేని లోటును విఠలాచార్య మాయతో పూడ్చాడు; హాంకాంగు వారు మనిషి దేహంతో పూడ్చారు. మంత్రదండం వరంగా దొరుకుతుంది. పిడికిలికి మాత్రం సాధన కావాలి. 1971లో థాయిలాండులోని ఒక చిన్న ఊరిలో స్వల్పవ్యయంతో తీసిన ‘ది బిగ్ బాస్’లో బ్రూస్ లీ రాజకుమారుడు కాడు, ఐసు ఫ్యాక్టరీ కూలి. తన రెండు చేతులే తన ఆస్తి అయినవాడు కథానాయకుడు కావడం పేదపిల్లలకు ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

1978లో లౌ కర్‌ల్యుంగ్ దర్శకత్వంలో వచ్చిన ‘షావొలిన్ ముప్పదియారవ గది’ ఈ చిత్రాలన్నింటిలో నాకు మిక్కిలి ఇష్టమైనది. దుష్టపాలకుల వల్ల అయినవారిని పోగొట్టుకొన్న ఒక విద్యార్థి, పగ తీర్చుకొనే విద్యకోసం ఆశ్రమం చేరుతాడు. అక్కడ ముప్పదియైదు గదులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సాధన. అతడు ఆత్రంకొద్దీ అన్నిటికంటె పై గదికి పోతాడు. ఏమీ బోధపడక తిరిగివస్తాడు. ఇక అడుగు గదినుండి ఆరంభం. నీటిపై తేలే దుంగలమీద కాలు మోపి దాటగలిగితేనే భోజనం. చేతులు బారచాపి నీళ్ల బాల్చీలు మోస్తూ మెట్లెక్కాలి. చేయి వాలిందా, చంకల క్రింద కట్టిన కత్తులు ప్రక్కల్లో దిగుతాయి. చిత్రం నడుమ భాగమంతా ఈ సాధనే.

జమ్మలమడుగు ప్రాంతంలో గుంతమగ్గంమీద కూర్చున్న నేతపనివాని బిడ్డకు ఇది వింత కాదు. కాలు తొక్కుడుకు చేతిలోని నాడె కుదురుకొనేదాకా ఎన్ని పోగులు తెగుతాయో వాడికి తెలుసు. గురువు ముందు చేసిన పనినే వేయిసార్లు చేయడం చదువని వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. పుస్తకం పట్టిన మనకే చెప్పవలసి వస్తున్నది.

కడప జిల్లాలో కూర్చొని కొట్లాటను పొగడవచ్చునా అని అడిగేవారుంటారు. ప్రశ్న సమంజసమే, కుంగ్‌ఫూ చిత్రాలలో వట్టి పగ కథలకు కొదవ లేదు. అయితే 1999 నాటి ‘సమరసింహారెడ్డి’, 2002 నాటి ‘ఇంద్ర’ మొదలైన భారీ చిత్రాలు మన సీమను లోకానికెలా చూపాయో తలచుకోండి. ఆ తరహా కథలలో నాయకుని బలం వంశంనుండి వస్తుంది. తొడ చరిస్తే చాలు. అతడు ఎవరివద్దనైనా ఏదైనా నేర్చుకొన్నట్లు కనపడదు. ఆ పేద చిత్రంలోని విద్యార్థి ఏళ్ల తరబడి నీళ్లు మోశాడు. పగ తీరడంతో అతని కథ ముగియనూ లేదు. ఆశ్రమం గోడలు దాటని విద్యను సామాన్యులకు నేర్పడానికి అతడు ముప్పదియారవ గది తెరుస్తాడు. పగతో వచ్చినవాడు పంతులయ్యాడు!

నేటి పిల్లలు ఆ చిత్రాలను సెల్‌ఫోనులో తునకలుగా చూస్తున్నారు. తునకలలో చివరి దెబ్బ ఉంటుంది, బాల్చీలుండవు. గైడులో జవాబుంటుంది, దానిని కనుగొన్న శ్రమ ఉండదు. మనమూ పరీక్షల తొందరలో వారిని తిన్నగా పైగదికే పంపుతున్నాం.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఒక సెలవునాడు పిల్లలను కూర్చోబెట్టి ఆ చిత్రం పూర్తిగా చూపించండి. ఏ దెబ్బ బాగున్నదని అడగవద్దు. ఏ గదిలో అతడు ఎక్కువసార్లు ఓడిపోయాడో చెప్పమనండి.