ఒర ఉన్నది, కత్తి ఏది?

1612 నవంబరు చివరి దినాలలో, సూరత్ సమీపాన గల సువాలీ రేవు ఎదుట రెండు పరదేశపు నౌకాబలాలు తలపడ్డాయి. ఒకవైపు పోర్చుగీసువారు, రెండవవైపు కెప్టెన్ థామస్ బెస్ట్ నాయకత్వాన ఈస్టిండియా కంపెనీ. కంపెనీ గెలిచినది. మరుసటి సంవత్సరమే సూరత్‌లో వర్తకశాల స్థాపించుకొనడానికి దానికి మొగల్ పాలకుల అనుమతి లభించినది. నేల మీద అపారమైన సైన్యం గల సామ్రాజ్యం, తన రేవు ముంగిట పరాయివారు పోరాడుతుంటే ప్రేక్షకురాలిగా మిగిలిపోయినది.

నాలుగు శతాబ్దాల అనంతరం ఆ నగరం పేరు ఒక యుద్ధనౌకకు దక్కినది. ముంబయిలోని మజగావ్ డాక్‌లో నిర్మించిన ఐ.ఎన్.ఎస్. సూరత్ 2025 జనవరి 15న నౌకాదళంలో చేరినది. విశాఖపట్నం పేరిట ఆరంభమైన తరగతిలో ఇది నాలుగవది, చివరిది. పొడవు 164 మీటర్లు. బరువు సుమారు 7,400 టన్నులు.

ఇంతటి నౌకకు కూడ భయం ఉన్నది. 1967 అక్టోబరు 21న ఈజిప్టు చిన్నపడవలు ప్రయోగించిన క్షిపణులు ఇజ్రాయెల్ విధ్వంసక నౌక ఐలాత్‌ను ముంచివేశాయి. 1971 డిసెంబరు 4 రాత్రి, కరాచీ చెంత, అదే జాతి క్షిపణులతో భారత నౌకాదళం పాకిస్తాన్ నౌక ఖైబర్‌ను ముంచినది. అటువంటి దెబ్బ కొట్టినవారికి, అది తమకూ తగలవచ్చునని వేరొకరు చెప్పనక్కరలేదు.

అలలకు నాలుగైదు మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణిని నౌక మీది రాడార్ దూరం నుంచి చూడలేదు. భూమి వంపు అడ్డువస్తుంది. సుమారు 25, 30 కిలోమీటర్ల చేరువకు వచ్చిన తరువాతనే అది కంటబడుతుంది. ధ్వనివేగానికి కొంచెం తక్కువగా వచ్చినా అక్కడి నుంచి నౌకను చేరడానికి నిమిషంన్నర చాలు. వేగం మూడింతలైతే మిగిలేది అరనిమిషమే. ఆ లోపల గుర్తించాలి, నిర్ణయించాలి, ఎదురు క్షిపణిని వదలాలి.

ఈ అరనిమిషం కోసం జరిగిన సన్నాహం మాత్రం దశాబ్దాలు పట్టినది. 1983లో అబ్దుల్ కలాం సారథ్యాన హైదరాబాదులో ఆరంభమైన క్షిపణి పథకంలో ‘త్రిశూల్’ ఒకటి. దానికి ఒప్పగించిన పనులలో నౌకారక్షణ కూడ ఉన్నది. కాని అది సకాలంలో అక్కరకు రాలేదు. శత్రువు మన ప్రయోగశాల పూర్తి చేసేదాకా ఆగడు కదా! ఇజ్రాయెల్ నుంచి ‘బరాక్’ క్షిపణులను కొనవలసి వచ్చినది. 2006లో ఆ దేశంతో కలిసి, సుమారు 70 కిలోమీటర్ల దూరం పోగల కొత్త క్షిపణిని రూపొందించడానికి ఒప్పందం కుదిరినది. అదీ ఆలస్యమైనది. 2014 ఆగస్టులో ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా జలప్రవేశ వేడుకలన్నీ దాటి సేవలో చేరిననాటికి, ఆ క్షిపణి ఇంకా సిద్ధం కాలేదు. ఒర ఉన్నది, కత్తి లేదు. ఆ నౌక మీది నుంచి తొలి ప్రయోగం 2015 డిసెంబరులో గాని జరగలేదు.

ఇందులో ఒక ఓదార్పు కూడ ఉన్నది. త్రిశూల్ విఫలమైనా నేర్చిన విద్య వృథా పోలేదు. కొత్త క్షిపణి రూపకల్పనలో హైదరాబాదు శాస్త్రజ్ఞులు భాగస్వాములైనారు. 1970లో అదే నగరంలో నెలకొన్న భారత్ డైనమిక్స్ దాని తయారీని చేపట్టినది. సూరత్ నౌక సేవలో చేరిన మర్నాడే, 2025 జనవరి 16న, నౌకాదళానికి ఈ క్షిపణులు సమకూర్చేందుకు ఆ సంస్థతో రక్షణశాఖ సుమారు 2,960 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకొన్నది.

ఏప్రిల్ 24న అరేబియా సముద్రంలో, అలల మీదుగా దూసుకువస్తున్న లక్ష్యాన్ని సూరత్ నౌక క్షిపణితో ఛేదించినది. కొద్దిరోజులకే అది హజీరా రేవుకు, అనగా తన పేరింటి ముంగిటికి, వచ్చినది. సువాలీ అక్కడికి ఎంతో దూరం లేదు.

అయినా కత్తి ఒకసారి కొంటే చాలదు. క్షిపణిలోని ఇంధనానికి, యంత్రాంగానికి ఆయుష్షు ఉన్నది. ఎదుటివాని క్షిపణి వేగమూ పెరుగుతూనే ఉంటుంది. ఒకనాటి కవచం మరొకనాటికి చాలదు. కొనడంలో, మార్చడంలో కార్యాలయాలు పోగొట్టుకొన్న ఏళ్లను, సముద్రం మీద నావికుడు ఆ అరనిమిషంలో తిరిగి సంపాదించలేడు.