‘ఒకటి రెండు చోట్ల’ వానంటే ఏ చేనుకు?

ఈ వారం వాన గురించి సెల్‌ఫోన్లో ఒక మోడల్ ఒక మాట, ఇంకోటి ఇంకో మాట చెబుతున్నాయి. శెనక్కాయ పీకాలా, ఆగాలా అని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రైతులు అడుగుతున్నారు. మొదటి రెండు మూడు రోజుల అంచనానే లెక్కలోకి తీసుకోండని మేం చెబుతున్నాం. ఆ తర్వాతది రోజురోజుకూ మారుతుంది. వాతావరణ శాఖ ‘ఒకటి రెండు చోట్ల’ అంటే, వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడొచ్చని అర్థం. ‘భారీ’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆపైన.

పీకిన చెట్టు తడిస్తే కాయకు బూజు, మేతకూ నష్టం. ముదిరిన కాయ నేలలోనే ఉంటే మొలకెత్తుతుంది. అందుకే ఒక్క రోజులో వామి వేయగలిగినంతే పీకండి.

అంచనా తప్పితే నష్టం రైతుదే. కనుక మండల వాన లెక్కను రోజూ రైతు సేవా కేంద్రం బోర్డుపై రాయాలని అధికారులను డిమాండ్ చేస్తున్నాం.